ఆర్చిబిషప్ రొమేరో గురించి యువజనులకి అరగంటలో ఏం చెప్పాలి?

గన్‌ఫౌండ్రీ గంట
మార్చి 9, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా విచారణ (పారిష్) యువజన సంఘం ఈ తపస్సుకాలంలో (లెంట్) వారానికి ఒక పునీతుడి గురించి అరగంట కార్యక్రమం పెట్టుకుంది. 24వ తేదీ సాయంత్రం నా వంతు వచ్చింది. ఆ రోజు మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశపు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) ఆస్కార్ రొమేరో గారి వర్ధంతి, అందుకని ఆయన్నే తీసుకున్నాను. వచ్చేవాళ్ళు ఇంటర్, డిగ్రీ పిల్లలు. ఎల్ సాల్వడార్ మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియదు వాళ్ళకి.

సంఘంలో పెద్దాయన ఒకరు "చెప్పు బాబూ, కానీ గుడిలోకి రాజకీయాలు తేకు" అన్నారు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. రాజకీయం లేకుండా ఈయన గురించి చెప్పడం కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 9, రాత్రి 10:05

రాజకీయం తీసేస్తే రొమేరో గారి జీవితంలో పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ మిగులుతాయి. చనిపోయిన తేదీలో మళ్ళీ రాజకీయమే.

అందరూ హత్యతో మొదలుపెడతారు. పూజ చేస్తుండగా తుపాకీ పేలింది, రక్తం, బలిపీఠం... పిల్లలు ఒక్క నిమిషం అదిరిపడతారు, ఆ తర్వాత చెప్పేది ఏదీ చెవికెక్కదు. దానికి బదులు మొదటి అరవై ఏళ్ళతో మొదలుపెట్టండి. ఆ అరవై ఏళ్ళలో ఆయన ఎవరికీ ఇబ్బంది కలిగించని మనిషి.

1917 ఆగస్టు 15న సియుదాద్ బారియోస్ అనే కొండప్రాంతపు ఊళ్ళో పుట్టారు. తండ్రి తంతి పని చూసేవాడు. కొడుకుని వడ్రంగం నేర్చుకోమని పనిలో పెట్టాడు. అబ్బాయేమో గురువిద్యాలయానికి (సెమినరీకి) పోతానన్నాడు. చివరికి రోమ్‌లో చదువు, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1942 ఏప్రిల్ 4న అక్కడే గురుపట్టాభిషేకం. తిరిగొస్తుంటే, ఇటలీ నుంచి వస్తున్నాడన్న అనుమానంతో క్యూబాలో పట్టుకుని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఇంటికి చేరాక శాన్ మిగెల్‌లో ఇరవై ఏళ్ళకు పైగా గురువుగా పనిచేశారు. పుస్తకాల మనిషి, బిడియస్తుడు, నియమాల విషయంలో గట్టివాడు. 1970లో రాజధాని శాన్ సాల్వడార్‌కి సహాయ బిషప్. అక్కడ పీఠం (బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) పత్రికకి సంపాదకుడిగా ఉంటూ, యేసు సభ (జెస్యూట్) గురువుల బడిలో పిల్లలకి మార్క్సిజం నూరిపోస్తున్నారని రాసింది కూడా ఈయనే. ఇది తప్పకుండా చెప్పండి. 1974లో శాంటియాగో దె మరియా అనే చిన్న పీఠానికి బిషప్.

1977 ఫిబ్రవరిలో ఆర్చిబిషప్‌గా నియమించినప్పుడు కాఫీ తోటల యజమానులు ఊపిరి పీల్చుకున్నారు. పల్లెల్లో కూలీల మధ్య పనిచేసే యువ గురువులు తల పట్టుకున్నారు. కథ అక్కడ మొదలవుతుంది.

ఎర్రమట్టి
మార్చి 9, రాత్రి 10:41

మనిషి కంటే ముందు నేల గురించి చెప్పు తమ్మీ. ఆ దేశం మొత్తం దాదాపు 21 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో అయిదో వంతు కూడా లేదు. అంత చిన్న దేశంలో మంచి భూమంతా కొన్ని కుటుంబాల చేతిలో. "పద్నాలుగు కుటుంబాలు" అని అక్కడ ఒక వాడుక మాట ఉంది. లెక్కకి అంతకంటే ఎక్కువే ఉంటాయి, ఆ మాట మాత్రం నిలిచిపోయింది.

మొదట నీలిమందు పండించేవాళ్ళు. రసాయన రంగులొచ్చి దాని గిరాకీ పడిపోయాక కాఫీ మీద పడ్డారు. 1881-82లో చట్టాలు చేసి ఊరుమ్మడి భూముల్ని రద్దు చేశారు. ఊరి జనం ఉమ్మడిగా సాగుచేసుకునే చేలు కాఫీ తోటలైపోయాయి, ఆ చేల రైతులు అదే తోటల్లో కూలీలయ్యారు. 1932 జనవరిలో తిరగబడితే సైన్యం ఊచకోత కోసింది. 10 వేల నుంచి 30 వేల మంది దాకా చనిపోయారని అంచనాలు. అప్పటినుంచి పాలన సైనికాధికారులది, పెత్తనం కాఫీ దొరలది.

దొర, గడీ, వెట్టి గురించి తాతల దగ్గర విన్న పిల్లలకి ఇది వివరించక్కర్లేదు. నల్గొండ, వరంగల్ వాళ్ళుంటే వాళ్ళే నీకు చెప్తారు.

మెట్టుగూడ
మార్చి 10, ఉదయం 7:20

నేను విన్న కథ వేరేగా ఉందండీ. స్నేహితుడైన గురువుని చంపేస్తే ఆ రాత్రికి రాత్రే రొమేరో గారు మారిపోయారని ప్రతి ధ్యానకూటంలో చెప్తారు. పౌలు గారు దమస్కు దారిలో మారినట్టు. పిల్లలకి అదే బాగా పడుతుంది కదా?

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 10, ఉదయం 8:55

బాగా పడుతుంది, నిజమే. కానీ సగం కథే.

ఆ స్నేహితుడు యేసు సభ గురువు రుతీలియో గ్రాందె. ఆగిలారెస్ అనే చోట చెరకు కూలీల మధ్య పనిచేసేవాడు. 1977 మార్చి 12న పూజకి జీపులో వెళ్తుంటే దారికాచి కాల్చి చంపారు. ఆయనతోపాటు మాన్యుయెల్ సోలోర్సానో అనే ముసలాయన, నెల్సన్ రుతీలియో లెమస్ అనే పిల్లవాడు కూడా చనిపోయారు. రొమేరో గారు ఆ రాత్రే అక్కడికి వెళ్ళి మూడు శవాల ముందు పూజ చేశారు. ఆర్చిబిషప్ అయి అప్పటికి నెల కూడా కాలేదు.

కానీ దానికి ముందే పునాది పడింది. శాంటియాగో దె మరియాలో ఉండగా 1975 జూన్‌లో ట్రెస్ కాయెస్ అనే పల్లెలో జాతీయ రక్షకదళం ఇళ్ళలో చొరబడి కూలీల్ని చంపింది. ఆయన వెళ్ళి బాధితుల్ని ఓదార్చారు. అప్పుడు వీధికెక్కలేదు. దేశాధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశారు, అదీ ప్రైవేటుగా. కాఫీ కోత కాలంలో కూలీలు చలిలో బయట పడుకోవడం చూసి, వాళ్ళకోసం పీఠం భవనం తలుపులు తీయించారు. ఇవి పెద్ద పనులేం కావు. జాగ్రత్తపరుడైన మనిషి ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చాడు, గ్రాందె హత్య తర్వాత వెనక్కి తిరగలేదు. నాకైతే రాత్రికి రాత్రి జరిగిన అద్భుతం కంటే ఇదే నమ్మబుద్ధవుతుంది.

పాత ఉపదేశి
మార్చి 10, మధ్యాహ్నం 12:30

బాబూ గన్‌ఫౌండ్రీ, ఒకే పూజ సంగతి మరిచిపోకు. గ్రాందె ఫాదర్ గారి హత్య జరిగిన వారానికి, మార్చి 20 ఆదివారం నాడు, పీఠం మొత్తంలో ఎక్కడా పూజ లేదన్నారు. కథీడ్రల్ ముందు ఒక్కటే పూజ, రాదలచుకున్నవాళ్ళు అక్కడికే రావాలి. ఆదివారం పూజ ఆపించడమంటే మాటలా? వాటికన్ రాయబారి వద్దన్నారు. ధనవంతులు మా ఆత్మల సంగతేంటని గొడవ పెట్టారు. ఈయన వినలేదు. లక్షమంది దాకా వచ్చారంటారు.

నేను నల్గొండ వైపు పల్లెల్లో ఎన్నో ఏళ్ళు ఉపదేశిగా చేశాను. గురువు నెలకొకసారి వచ్చే ఊళ్ళలో ఆదివారం పూజ అంటే ఏమిటో నాకు తెలుసు. ఉన్న పూజని వద్దని, అందర్నీ ఒక్క చోటికి రప్పించాడంటే ఆ మనిషికి ఎంత ధైర్యం ఉండాలి! మీ పిల్లలకి తుపాకీ కంటే ఇది ముందు చెప్పు.

సందేహి
మార్చి 10, సాయంత్రం 6:48

నేను క్రైస్తవుణ్ణి కాను, ఈ ఫోరంలో చరిత్ర చర్చల కోసం వస్తుంటాను. సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఒక మఠాధిపతో, స్వామీజీయో, మౌలానాయో వేదికెక్కి ప్రభుత్వాన్ని తిడితే మతాన్ని రాజకీయంతో కలుపుతున్నారని మనమే అంటాం. బిషప్ చేస్తే మాత్రం సామాజిక న్యాయమా? పైగా ఆ రోజుల్లో లాటిన్ అమెరికాలో గురువులు కొందరు తుపాకులు పట్టుకున్న గెరిల్లాలతో కలిసి తిరిగారు. ఈయన ఆ బాపతు కాదని ఎలా చెప్తారు?

ఎర్రమట్టి
మార్చి 10, రాత్రి 7:15

సందేహి గారూ, ఆయన మా బాపతు అయితే నేను సంతోషించేవాణ్ణి. కాదు, అదే నా బాధ! 1979 అక్టోబర్ 15న యువ సైనికాధికారులు తిరుగుబాటు చేసి, సంస్కరణలు తెస్తామన్నారు. రొమేరో గారు వాళ్ళకొక అవకాశం ఇచ్చి చూద్దామన్నారు. అక్కడి వామపక్షం ఆయన మీద మండిపడింది. ఆయన అనుకున్న మార్పు రాలేదు, చంపడాలు ఇంకా పెరిగాయి.

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 10, రాత్రి 8:02

ఎర్రమట్టి అన్న న్యాయంగా చెప్పాడు. ఇంకొకటి చేరుస్తాను. 1977లో గెరిల్లాలు విదేశాంగ మంత్రి బోర్గొనోవోని ఎత్తుకెళ్ళి చంపేశారు. ఆ అంత్యక్రియల పూజ చేసి, ఆ హత్యని ఖండించింది రొమేరో గారే. ప్రతీకారంగా 1977 మే 11న అల్ఫోన్సో నవారో అనే గురువుని ఆయన ఇంట్లోనే కాల్చేశారు. "దేశభక్తుడివైతే ఒక గురువుని చంపు" అని కరపత్రాలు పంచిన రోజులవి. రొమేరో గారు ఆర్చిబిషప్‌గా ఉన్న మూడేళ్ళలో ఆరుగురు గురువుల్ని చంపారు.

సందేహి గారి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదీ: ఆయన ఎవరికి ఓటెయ్యమన్నారు? ఎవరికీ కాదు. ఏ పదవి అడిగారు? ఏదీ లేదు. గ్రాందె హత్య మీద దర్యాప్తు జరిగేదాకా ప్రభుత్వ వేడుకలకి రానన్నారు. అందుకే 1977 జూలై 1న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి కూడా వెళ్ళలేదు. ఆ అధ్యక్షుడి ఇంటిపేరు కూడా రొమేరోనే, చుట్టరికం మాత్రం లేదు. పిల్లలు తికమక పడతారు, ముందే చెప్పెయ్యండి. మీరు చెప్పిన స్వామీజీ కూడా చచ్చినవాళ్ళ వివరాలు సేకరించి "వీళ్ళని ఎవరు చంపారు?" అని అడిగితే నేనాయన పక్కన నిలబడతాను.

సందేహి
మార్చి 10, రాత్రి 8:20

సరే. చివరి వాక్యం ఒప్పుకుంటాను. మిగతాది ఆలోచిస్తాను.

నిమ్మచెట్టు
మార్చి 11, ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. నర్సుని. ఆయన పెద్ద భవంతి వదిలేసి క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో ఉండేవారని ఎక్కడో విన్నాను, నిజమేనా? పెద్ద పెద్ద సంఘటనలు కాదు అన్నా, ఆయన రోజూ చేసే పనేంటి? మా సిస్టర్స్‌ని చూస్తే నాకెప్పుడూ అదే ప్రశ్న. పొద్దున లేస్తే ఏం చేస్తారు అని.

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 11, రాత్రి 9:30

నిజమే అక్కా. డివైన్ ప్రావిడెన్స్ ఆసుపత్రి, చివరిదశ క్యాన్సర్ రోగుల కోసం సిస్టర్స్ నడిపేది. మొదట్లో అక్కడి ప్రార్థనాలయంలో పూజావస్త్రాలు పెట్టే గది పక్కన ఉండేవారు. తర్వాత సిస్టర్సే ఆవరణలో ఒక చిన్న ఇల్లు కట్టించి ఇచ్చారు.

మీ ప్రశ్నకి జవాబే నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి కీలకం. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆయన రోజువారీ పనిలో పెద్ద భాగం, వచ్చినవాళ్ళు చెప్పేది వినడం. పీఠం కార్యాలయానికి తల్లులు వచ్చేవాళ్ళు. కొడుకుని ట్రక్కులో ఎక్కించుకుపోయారు, మళ్ళీ కనిపించలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడంటారు. కోర్టుకి వెళ్తే కాగితం తీసుకోరు. పత్రికలు రాయవు. ఇంక మిగిలింది గుడి ఒక్కటే. యువ లాయర్ల బృందం ఒకటి అప్పటికే పేదలకి ఉచితంగా న్యాయసహాయం చేస్తుండేది. రొమేరో గారు దాన్ని పీఠం పనిలో భాగం చేశారు. వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా వివరాలు రాసుకునేవాళ్ళు: పేరేంటి, ఏ ఊరు, ఏ రోజు, ఎవరు పట్టుకెళ్ళారు, చూసినవాళ్ళెవరు.

ఆదివారం ఉదయం కథీడ్రల్‌లో పూజ. ప్రసంగం గంట, కొన్నిసార్లు అంతకంటే చాలా ఎక్కువ. మన దగ్గర పదిహేను నిమిషాలు దాటితే వాచీలు చూసుకుంటాం! మొదటి భాగం ఆనాటి పఠనాల మీద, నిఖార్సయిన వేదబోధ. తర్వాత పీఠం వార్తలు: ఏ విచారణలో పండుగ జరిగింది, ఏ ఊళ్ళో ఎవరిని కలిశాను. ఆ తర్వాత వారం సంఘటనలు. ఫలానా పల్లెలో ఫలానా మనిషిని ఫలానా రోజు చంపారు. ఫలానా విద్యార్థిని పట్టుకెళ్ళారు, ఎక్కడున్నాడో చెప్పండి. గెరిల్లాలు ఫలానా వారిని ఎత్తుకెళ్ళారు, వదిలిపెట్టండి. అన్నీ ఒకే గొంతుతో.

ఇదంతా వైఎస్‌ఏఎక్స్ అనే పీఠం రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. ఆ దేశంలో అంతమంది కూర్చుని విన్న కార్యక్రమం ఇంకొకటి లేదంటారు. వీధిలో నడిచి వెళ్తుంటే ఒక ఇంటి రేడియో వినిపించడం ఆగేలోపు పక్కింటిది అందుకునేదట, ప్రసంగంలో ఒక్క మాట కూడా పోయేది కాదట. చదువు రాని కూలీకి తన ఊరి పేరు రేడియోలో వినిపించడమంటే ఏమిటో ఊహించండి. పక్కింటి వాడి పేరు ఆర్చిబిషప్ నోట పలికాడు. వాడు మాయమవలేదు, వాడిని మాయం చేశారు, ఆ సంగతి ఇప్పుడు దేశమంతటికీ తెలుసు.

అందుకే ఆ రేడియో మీద మళ్ళీ మళ్ళీ బాంబులు పడ్డాయి. 1980 ఫిబ్రవరిలో ట్రాన్స్‌మిటర్‌ని పేల్చేశారు. కొన్ని వారాలు కోస్టారికా నుంచి ఒక షార్ట్‌వేవ్ స్టేషన్ ద్వారా ఆయన గొంతు వినిపించింది.

ఆయన్ని విప్లవకారుడనో, మహాత్ముడనో అనడం కంటే, పేర్లు చదివినవాడని చెప్పండి చాలు. సైన్యానికి తుపాకీ పట్టినవాడితో ఎలా వ్యవహరించాలో తెలుసు. తేదీ, ఊరు, పేరు కలిపి చదివేవాడితో ఏం చేయాలో తెలియలేదు.

నిమ్మచెట్టు
మార్చి 11, రాత్రి 9:52

చదివాను. రేపు మళ్ళీ చదువుతాను. ఆ తల్లుల సంగతి దగ్గర ఆగిపోయాను.

మెట్టుగూడ
మార్చి 12, ఉదయం 7:05

నా దగ్గర "రొమేరో ప్రార్థన" అని ఒకటుంది, వాట్సాప్‌లో ప్రతి ఏడూ వస్తుంది. మనం రాబోయే కాలపు ప్రవక్తలం, విత్తనాలు నాటేవాళ్ళం అని సాగుతుంది. కార్యక్రమం చివర్లో అందరితో చదివించొచ్చు. కావాలా?

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 12, ఉదయం 8:40

వద్దు సర్. చాలా మంచి ప్రార్థనే, కానీ రొమేరో గారిది కాదు. 1979లో అమెరికాలో కెన్ ఉంటెనర్ అనే గురువు (తర్వాత బిషప్ అయ్యారు) ఒక కార్డినల్ ప్రసంగం కోసం రాసింది. ఆయన సొంత మాటలు కావాలంటే ప్రసంగాలున్నాయి. 1978 మార్చి నుంచి చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దాకా టేప్ రికార్డర్‌లో చెప్పుకున్న డైరీ ఉంది. ఆ డైరీలో వీరుడు కనబడడు. మీటింగులు, అలసట, తోటి బిషప్పులతో తగాదాలు.

గన్‌ఫౌండ్రీ గంట
మార్చి 12, ఉదయం 9:15

అందరికీ చాలా థాంక్స్. తోటి బిషప్పులతో తగాదాలా? ఇది చెప్తే మా పెద్దాయనకి గుండె ఆగుతుంది.

పాత ఉపదేశి
మార్చి 12, మధ్యాహ్నం 1:10

చెప్పు బాబూ, ఏం కాదు. ఆ దేశం బిషప్పుల్లో ఎక్కువమంది ఆయనకి ఎదురు తిరిగారు. రోమ్‌కి ఫిర్యాదులు రాశారు. ఆయన సమాధి చేసే రోజున తోటి బిషప్పుల్లో అక్కడికి వచ్చింది రివేరా దమాస్ గారు ఒక్కరే. పోప్ ఆరవ పౌలు గారు ఆయనకి ధైర్యం చెప్పి పంపారు. 1979 మేలో రెండవ జాన్ పాల్ గారిని కలిసినప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరికే ఎక్కువ వినిపించింది, ఆయన బరువెక్కిన మనసుతో తిరిగొచ్చారు. అదే జాన్ పాల్ గారు 1983లో ఎల్ సాల్వడార్ వెళ్ళినప్పుడు, కార్యక్రమంలో లేకపోయినా రొమేరో గారి సమాధి దగ్గరికి వెళ్ళి మోకరిల్లారు. రెండూ చెప్పు. ఒకటే చెప్తే అన్యాయం.

ఎల్బీనగర్ లాయర్
మార్చి 12, రాత్రి 10:20

హత్య గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

1980 ఫిబ్రవరి 17న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి బహిరంగ లేఖ రాశారు, మా సైన్యానికి సాయం పంపొద్దని. సాయం ఆగలేదు. మార్చి 23 ఆదివారం ప్రసంగం చివర్లో సైనికులతో నేరుగా మాట్లాడారు. మీరు చంపుతున్నది మీ సొంత రైతు సోదరుల్నే, దేవుని ఆజ్ఞకి విరుద్ధమైన ఉత్తర్వుని పాటించాల్సిన బాధ్యత ఏ సైనికుడికీ లేదు అన్నారు. "దేవుని పేరిట మిమ్మల్ని వేడుకుంటున్నాను, ప్రార్థిస్తున్నాను, ఆజ్ఞాపిస్తున్నాను: ఈ అణచివేత ఆపండి." సైన్యం దృష్టిలో ఇది తిరుగుబాటుకి పిలుపు.

మర్నాడు సోమవారం సాయంత్రం ఆసుపత్రి ప్రార్థనాలయంలో ఒకావిడ వర్ధంతి పూజ. ఆయన చేస్తారని పత్రికలో ప్రకటన కూడా పడింది. ఆ రోజు సువార్త, గోధుమ గింజ భూమిలో పడి చావాలన్న వాక్యం. ప్రసంగం ముగించారు. బయట ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ కారు ఆగింది, ఒక్కటే తూటా. మార్చి 30న, మట్టల ఆదివారం నాడు, అంత్యక్రియలు. జనం మధ్య బాంబు, కాల్పులు, తొక్కిసలాట. పదుల సంఖ్యలో చనిపోయారు. తర్వాత 1992 దాకా అంతర్యుద్ధం, దాదాపు 75 వేల ప్రాణాలు.

శిక్ష? 1993లో ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్, హత్యకి ఆదేశించింది మాజీ మేజర్ రొబెర్తో దాబుయిస్సోన్ అని పేరు పెట్టి చెప్పింది. ఆయన అప్పటికే క్యాన్సర్‌తో చనిపోయాడు, ఒక్కరోజు కూడా శిక్ష పడలేదు. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే క్షమాభిక్ష చట్టం తెచ్చి అందర్నీ కాపాడేశారు. 2004లో అమెరికాలో ఒక సివిల్ కోర్టు, కుట్రలో ఉన్న సరావియా అనే మాజీ సైనికాధికారిని బాధ్యుడిగా తేల్చి కోటి డాలర్ల పరిహారం కట్టమంది. 2016లో ఆ దేశపు సుప్రీంకోర్టు క్షమాభిక్ష చట్టాన్ని కొట్టేశాక కేసు మళ్ళీ తెరిచారు. ఎఫ్‌ఐఆర్ నుంచి తీర్పు దాకా ఏళ్ళు పట్టే మన దగ్గర కూడా ఇది చదివితే ఒళ్ళు మండుతుంది.

సందేహి
మార్చి 12, రాత్రి 10:45

పునీతుణ్ణి చేయడానికి ఎందుకంత ఆలస్యం? 1980 నుంచి 2018 అంటే 38 ఏళ్ళు. మీ చర్చికి కూడా రాజకీయ భయమేనా?

పాత ఉపదేశి
మార్చి 13, ఉదయం 6:30

కొంత అదే అయ్యా. చంపినవాళ్ళూ బాప్తిస్మం పొందిన కథోలికులే. మరి విశ్వాసం మీద ద్వేషంతో చంపారంటామా, రాజకీయ కక్షతో చంపారంటామా అని ఏళ్ళకేళ్ళు సాగదీశారు. ఫ్రాన్సిస్ పోప్ గారు వచ్చాక ముడి విడింది. 2015 మే 23న ధన్యుడు, 2018 అక్టోబర్ 14న పునీతుడు. ఆ రోజు పోప్ గారు రొమేరో గారి రక్తపు మరకలున్న నడికట్టు కట్టుకుని పూజ చేశారు. పేదవాడి పక్షాన నిలబడటం విశ్వాసంలో భాగమైతే, అందుకు చంపడం విశ్వాసాన్ని చంపడమే. నాకు వేదశాస్త్రం అంతకంటే రాదు.

నల్లరేగడి
మార్చి 13, రాత్రి 8:33

ఇన్ని రోజులుగా ఓపికగా చదువుతున్నాను. మాది కర్నూలు జిల్లా, ఉద్యోగం ఉప్పల్‌లో. అందరూ ఎల్ సాల్వడార్ గురించి బ్రహ్మాండంగా రాశారు. సముద్రాల అవతలి ఆర్చిబిషప్ గురించి చెప్పుకోవడం సుఖంగా ఉంటుంది, మనల్ని ఏమీ అడగడు కదా.

మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత బడి మానాల్సి వచ్చిన పిల్లవాడు 2025లో పోప్‌ని ఎన్నుకునే సభలో కూర్చున్నారు. మా ఊరివైపు జనం ఏడ్చారు ఆ వార్త విని. కానీ అదే చర్చిలో పెళ్ళి సంబంధం అనగానే కులం అడుగుతారు. మీ యువజన సంఘంలో ఎవరిని అడిగినా చెప్తారు. రొమేరో గురించి చెప్పి, దీని గురించి చెప్పకపోతే అది కాలక్షేపం.

మెట్టుగూడ
మార్చి 13, రాత్రి 8:50

బ్రదర్, ప్రతిదాంట్లోకీ కులం తేవడం అవసరమా? ఇది ఒక పునీతుడి వర్ధంతి కార్యక్రమం.

నల్లరేగడి
మార్చి 13, రాత్రి 8:54

తెచ్చింది నేను కాదు సర్. అది ముందే వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

నిర్వాహకులు
మార్చి 13, రాత్రి 9:10

ఇద్దరికీ మనవి, వ్యక్తిగతంగా వద్దు. విషయం మీద ఎంతైనా రాయండి.

ఎల్బీనగర్ లాయర్
మార్చి 13, రాత్రి 9:40

నల్లరేగడి అన్న చెప్పింది విషయమే. భారత కథోలిక బిషప్పుల సమాఖ్యే 2016 డిసెంబర్‌లో దళిత విధానం విడుదల చేస్తూ, చర్చి లోపల కుల వివక్ష ఉందని ఒప్పుకుంది. దాన్ని పాపం అంది.

బయటి సంగతి కూడా ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. మొదట హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. 2004లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టొద్దని సిఫార్సు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అందుకే ఏటా ఆగస్టు 10న చర్చిల్లో నల్ల జెండాలు కడతారు. మీ పిల్లల్లో చాలామంది చేతుల్లో ఆ సర్టిఫికెట్ ఉంటుంది, దాని వెనక కథ తెలియదు.

ఎర్రమట్టి
మార్చి 13, రాత్రి 9:58

స్టాన్ స్వామి గారి పేరు కూడా ఎవరైనా రాస్తారేమోనని చూశాను. జార్ఖండ్ ఆదివాసీల మధ్య పనిచేసిన యేసు సభ గురువు, పార్కిన్‌సన్స్ ఉన్న 84 ఏళ్ళ మనిషి, విచారణ ఖైదీగానే 2021 జూలై 5న చనిపోయారు. జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల లెక్కలు తీసినాయన. పేర్లు చదివినవాడు అన్నాడు కదా ఆబిడ్స్ తమ్ముడు, అది చదివినప్పుడు నాకు ఈయనే గుర్తొచ్చాడు.

గన్‌ఫౌండ్రీ గంట
మార్చి 14, రాత్రి 10:30

అందరివీ ప్రింట్ తీసి కూర్చున్నాను. ఇలా అనుకుంటున్నా. మొదటి అయిదు నిమిషాలు కాఫీ, భూమి. తర్వాత బిడియస్తుడైన రొమేరో. తర్వాత ఒకే పూజ. మధ్యలో ఎక్కువసేపు రేడియో. హత్య రెండే నిమిషాలు. చివరి పది నిమిషాలు నేను మాట్లాడను. బీసీ-సి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఏం చెప్తారో వింటాను. నల్లరేగడి అన్నా, ఆ పది నిమిషాలు నువ్వొచ్చి నడుపుతావా? మా పెద్దాయనకి నేను ముందే చెప్తాను, ఇంటికెళ్ళి.

నల్లరేగడి
మార్చి 14, రాత్రి 10:41

వస్తాను. పెద్దాయన దగ్గరికి కూడా నన్ను తీసుకెళ్ళు. నేనేం కొట్లాడను.

సికింద్రాబాద్ సీఎస్ఐ
మార్చి 15, ఉదయం 8:15

మేము కథోలికులం కాదు, రావొచ్చా? లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ గోడ మీద రొమేరో గారి విగ్రహం ఉందని మా పాస్టర్ గారు చెప్పారు. ఆంగ్లికన్ చర్చి మీద కథోలిక ఆర్చిబిషప్ విగ్రహమా అని ఆశ్చర్యపోయాను.

ఆబిడ్స్ ఆదివారం
మార్చి 15, ఉదయం 8:32

ఉంది. 1998లో ఇరవయ్యో శతాబ్దపు వేదసాక్షులు పదిమంది విగ్రహాలు పెట్టారు, అందులో ఈయనొకరు, మార్టిన్ లూథర్ కింగ్ ఇంకొకరు.

గన్‌ఫౌండ్రీ గంట
మార్చి 15, ఉదయం 9:00

తప్పకుండా రండి. సాయంత్రం ఆరున్నరకి, పూజ అయ్యాక. సందేహి గారూ, మీరూ రావాలి, మీ ప్రశ్న మా పిల్లలు కూడా వినాలి. కారు తేకండి ఎవరూ, ఆ టైములో అబిడ్స్ వైపు పార్కింగ్ దొరకదు.

సందేహి
మార్చి 15, ఉదయం 9:26

మెట్రోలో వస్తాను. ప్రశ్న ఇంకొంచెం పెద్దదైంది, ఫర్వాలేదా?